అర్బానా-షాంపేన్‌లో ఇరవై నిమిషాల నడక

షికాగో నుంచి ఐ-57 మీద దక్షిణంగా బయల్దేరితే, ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా మొక్కజొన్న, సోయా చేలు తప్ప ఇంకేం కనబడవు. సుమారు 135 మైళ్ళు వెళ్ళాక ఆ చేల మధ్యలోనే ఇల్లినాయ్ యూనివర్సిటీ వస్తుంది. మా అమ్మాయిని అక్కడ చేర్చి వచ్చిన నెలకి మళ్ళీ వెళ్ళాను. కందిపొడి, గోంగూర పచ్చడి, జంతికలు ఎలాగూ ఉన్నాయి. ఈసారి ఇంకో పని కూడా పెట్టుకున్నాను. ఒంట్లో బాగాలేని రోజు తను ఎటు వెళ్ళాలో, బాగున్న రోజే ఇద్దరం నడిచి చూడాలి.

"జ్వరం రాకుండానే డాక్టర్ దగ్గరికేంటమ్మా?" అంది.

"జ్వరంతో దారి వెతుక్కోగలవా నాన్నా?" అన్నాను. నసుగుతూనే బూట్లు వేసుకుంది.

డార్మ్ దగ్గర్లోనే 'ఆర్క్' అనే పెద్ద జిమ్ ఉంది. ఐ-కార్డ్ చూపించి లోపలికి వెళ్ళొచ్చు. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో, వెచ్చగా నడవడానికి అలాంటి చోటు ఉండాలి.

గ్రెగరీ డ్రైవ్ మీద తూర్పుగా నడిస్తే క్యాంపస్ నడిబొడ్డున చిన్న మొక్కజొన్న చేను కనిపిస్తుంది. పేరు మారో ప్లాట్స్. 1876 నుంచి అక్కడ పంటల మీద ప్రయోగాలు చేస్తున్నారు. పక్కన లైబ్రరీ కట్టాల్సి వస్తే, దాని నీడ పంట మీద పడకూడదని నేల కింద కట్టారు. అది 1969లో తెరిచారు.

"మొక్కజొన్నకే ఇంత జాగ్రత్తా! మరి నువ్వెన్నింటికి పడుకుంటున్నావు?" అని అడిగాను.

నవ్వింది. తర్వాత మెల్లిగా చెప్పింది. రూమ్మేట్ రెండింటిదాకా లైటు ఆర్పదట. పొద్దున్నే ఏమీ తినకుండా క్లాసుకి పరిగెడుతోందట. ఫోన్లో రోజూ "తిన్నానమ్మా" అనే వినేదాన్ని. పక్కపక్కన నడుస్తుంటే అసలు మాట బయటికొచ్చింది. కళ్ళకి కట్టుకునే మాస్కు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొన్నాం. రాత్రే అరటిపండు, పెరుగు కప్పు బల్ల మీద పెట్టుకోవాలని అనుకున్నాం. ఏడు గంటల నిద్ర లేకపోతే నా కందిపొడి ఏం చేస్తుంది?

ఇరవై నిమిషాల్లో లింకన్ అవెన్యూ మీద మెకిన్లీ హెల్త్ సెంటర్ చేరాం. అడిగిన ప్రతి ప్రశ్నా తననే అడిగారు, నన్ను కాదు. పద్దెనిమిది నిండిన పిల్లల ఆరోగ్య వివరాలు వాళ్ళ అనుమతి లేకుండా సాధారణంగా మనకి చెప్పరు. నాకు గుండె కలుక్కుమంది. అవసరమైతే నాతో మాట్లాడొచ్చని తనే ఒక ఫారం మీద సంతకం పెట్టింది. ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. 26 ఏళ్ళదాకా పిల్లలు మన ప్లాన్‌లో ఉండొచ్చు గానీ, ఆ ఊళ్ళో డాక్టర్లు అందులో ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి.

మందుల డబ్బా కూడా సర్దాం. ఇండియా నుంచి తెచ్చిన డోలో, ఇక్కడి టైలనాల్ ఒకటే మందు. నైక్విల్ లాంటి జలుబు మందుల్లోనూ అదే ఉంటుంది. తెలియక అన్నీ కలిపి వేసుకుంటే లివర్‌కి ప్రమాదం. మనసు మరీ బాగాలేనప్పుడు కాల్ గానీ టెక్స్ట్ గానీ చేయడానికి 988 ఉందని కూడా చెప్పాను. "నాకెందుకు?" అంది. "నీకు కాకపోతే నీ స్నేహితురాలికి" అన్నాను.

నవంబర్‌లో ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "గొంతు నొప్పిగా ఉంటే నేనే వెళ్ళి చూపించుకున్నానమ్మా. స్ట్రెప్ కాదట. నువ్వు రానక్కర్లేదు."

అప్పటికే కారు తాళాలు నా చేతిలో ఉన్నాయి. మళ్ళీ కొక్కేనికి తగిలించి, మిరియాల చారు ఎలా పెట్టుకోవాలో ఫోన్లోనే చెప్పాను.