ఆ ఐదు పీరియడ్లు

డిగ్రీలో ఈవీఎస్ (పర్యావరణ అధ్యయనం) అంటే పరీక్షకు ముందురోజు తిరగేసే గైడు అయిపోయింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో యూజీసీ తయారుచేసిన 50 పీరియడ్ల సిలబస్‌లో చివరి యూనిట్ ఫీల్డ్ వర్క్. నదికో, అడవికో, కొండకో వెళ్లి చూసి రాయాలి. దానికి ఐదు పీరియడ్లు.

ఈ కార్తీకంలో మా పిల్లలను కందకుర్తి తీసుకెళ్లాను. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటది. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. ఒకమ్మాయి మోకాటి లోతు నీళ్లలో నిలబడి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన దీపాల్లో ఆకు దొప్పలెన్ని, థర్మాకోల్ దొప్పలెన్ని అని ఓపిగ్గా లెక్కపెట్టింది. ఆకువి తక్కువే.

"గేట్లు మూసిండ్రు బిడ్డా, ఇగ ఎండాకాలం దాకా ఈ నీళ్లే" అన్నాడు పడవ నడిపే పెద్దాయన. ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచి ఉంచాలన్నది 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు. క్లాసులో రెండుసార్లు చెప్పాను, ఎవరికీ ఎక్కలేదు. అక్కడ ఆయన ఒక్క మాటతో ఎక్కింది. పిల్లలు ఆయన చుట్టూ చేరి గంటసేపు కదల్లేదు.

తోటి లెక్చరర్లకు చేతులెత్తి అడుగుతున్నా: ఆ ఐదు పీరియడ్లు గదిలో గడిపేయకండి. మీ ఊరి వాగు దగ్గరికైనా తీసుకెళ్లండి.