మందు డబ్బా, మనుమని బరువు

వరి గురించి, చెరుకు గురించి ఎప్పుడూ రాస్తనే ఉంట. ఇయ్యాల పిల్లల గురించి రాస్తున్న. ఇందుల తప్పు నాదే, దాచుకునేది ఏం లేదు.

పోయినేడు చెరుకుకు చెదలు పట్టినయని మందు తెచ్చి మొదళ్లకు పోసిన. డబ్బా అడుగున కొంచెం మిగిలింది. మూత పగిలిందని దాన్ని ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల పోసి కొట్టంల గూట్లె పెట్టిన. డబ్బా చేను గట్టు మీద పారేసిన. మూడేండ్ల మనుమడు ఆడుకుంట పోయి ఆ సీసా ఎత్తి ఒక్క గుక్క తాగిండు.

మేం చూసేసరికి నోట్లకెల్లి నురగ కారుతున్నది, ఒళ్లంత చెమటలు. మా ఇంటామె భయపడి ఉప్పునీళ్లు తాపింది. ఊర్లల్ల అందరం చేసేది అదే కదా. వాడు కక్కిండు, దగ్గుకుంట ఊపిరి అందక నీలం పడ్డడు. కక్కించొద్దని, కక్కేటప్పుడు మందు ఊపిరితిత్తులలకు పోతదని, అది ఇంకా ప్రమాదమని డాక్టరు తర్వాత చెప్పిండు.

108కి ఫోన్ చేసినం. బండిలనే ఆక్సిజన్ పెట్టిన్రు. దవాఖానకు పోంగనే డాక్టరు రెండే మాటలు అడిగిండు. "ఏం మందు తాగిండు? పిల్లగాడు ఎన్ని కిలోలుంటడు?"

రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఇంటర్ చదివినోన్ని, దుకాణంల ఇచ్చిన మందు పేరు చదవలె. "చెదల మందు సార్" అన్న. వడ్ల బస్తా చూసి ఎన్ని కిలోలో చెప్పేటోన్ని, మనుమని బరువు చెప్పలేకపోయిన. సిగ్గుతో తల దించుకున్న.

కొడుకు చేనుకు ఉరికి డబ్బా వెతికి ఫోటో పంపిండు. క్లోరిపైరిఫాస్. అప్పుడు డాక్టరుకు నమ్మకం కుదిరింది. ఈ జాతి మందులకు అట్రోపిన్ సూది పనిచేస్తది. అదే పారాక్వాట్ అసొంటి గడ్డిమందు అయితే విరుగుడే లేదు, వైద్యం వేరే తీరు. అందుకే పేరు కావాలె. ఇగ బరువెందుకంటే, పిల్లలకు సూది కిలోల లెక్కన ఇస్తరు. అరవై కిలోల మనిషి తాగిన గుక్క, పన్నెండు కిలోల పోరడు తాగితే వానికి ఐదు గుక్కలంత. విషం ఎక్కువైతది, టైం తక్కువైతది.

ఐదు రోజులు నిజామాబాద్‌ల ఉన్నం. వాడు బతికిండు. గా ఐదు రోజులు నేను నిద్రపోలె.

ఒకప్పటితోని చూస్తే ఇప్పుడు సౌకర్యం పెరిగింది. 108 బండ్లు 2005ల మొదలైనయి. నిజామాబాద్‌కు మెడికల్ కాలేజీ 2013ల వచ్చింది. అంతకుముందు పెద్ద కష్టమొస్తే హైదరాబాద్ నీలోఫర్‌కే ఉరకాలె. అయినా బోధన్ నుంచి నిజామాబాద్ పాతిక కిలోమీటర్లు, మన ఊర్లు ఇంకా లోపట. మొదటి అరగంట మాత్రం మన చేతులనే ఉన్నది.

అందుకే మూడు పనులు చేయండి. ఒకటి, ఏ మందూ వేరే సీసాల పోయొద్దు. డబ్బాల మిగిలితే తాళమేసి పెట్టండి, మూత పగిలితే దుకాణపాయనను అడగండి. లేబుల్ మీద త్రికోణం చూడండి: ఎరుపు అన్నిటికన్న ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. విరుగుడు సుత దానిమీదనే రాసి ఉంటది. రెండు, అంగన్‌వాడీల నెలనెలా పిల్లల బరువు తూకమేసి రాస్తరు. ఆ అంకె ఇంటి తలుపు మీద సుద్దతోని రాయండి. మూడు, ఏమన్న అయితే ఏం తాపకుండ, కక్కించకుండ డబ్బా చేతుల పట్టుకొని 108కి ఫోన్ చేయండి.

ఇంకొక మాట. గ్రామసభల రోడ్డు, మోరీ అడుగుతం. ఈసారి అడుగుదాం: మన దగ్గరి దవాఖానల రాత్రిపూట చిన్నపిల్లల సైజు ఆక్సిజన్ మాస్క్, ఊపిరి కొట్టే సంచి, అట్రోపిన్ సూది ఉన్నయా? పట్టే పిల్లగానికి ఎంతివ్వాలె అని పట్టిక గోడకు ఉన్నదా? ఇవి కోట్ల రూపాయల పనులు కావు. అడిగితే వస్తయి, అడగకుంటే రావు.

ఇది చదివినంక మొదలు లేచి మీ కొట్టంల చూడండి. కూల్‌డ్రింక్ సీసా ఏదన్న కనబడితే, అందుల ఏమున్నదో వాసన చూసి గాదు, గుర్తు తెచ్చుకొని చెప్పండి. చెప్పలేకపోతే, నా తీరుగనే మీరూ ఉన్నరని అర్థం.