ఇరుంగాట్టుకోట్టైలో మోటారు పందేలు

గుర్రప్పందేలకు వెళ్ళివచ్చామని చెబితే మనవాళ్ళు మన జేబు వంక చూస్తారు. మోటారు పందేలకు వెళ్ళివచ్చామని చెబితే ముఖం వంక చూస్తారు. ఎండలో కమిలి, దుమ్ము కొట్టుకుని, చెవుల్లో ఇంకా హోరు వినబడుతూ ఇంటికి వచ్చిన మనిషిని చూసి, "ఇంత కష్టపడి ఏం చూశావు నాయనా?" అని అడగని పెద్దవాళ్ళు ఉండరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమే. కాని ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ కార్ల పేర్లు వల్లించే కుర్రవాడో, కుర్రదో ఒకరు తయారవుతూనే ఉన్నారు. వాళ్ళ పోరు పడలేక ఏదో ఒక శని ఆదివారాలు పందేలకు బయలుదేరక తప్పని తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు.

మనం ఇంకా మద్రాసు అనే పిలుచుకునే చెన్నై నుంచి బెంగుళూరు పోయే రహదారి మీద, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, శ్రీపెరంబుదూరు ఇంకా రాకముందే ఇరుంగాట్టుకోట్టై అనే ఊరుంది. నోరు తిరగని పేరే గాని, మన దేశంలో మోటారు పందేల సంగతి తెలిసినవారికి ఇది క్షేత్రం లాంటిది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు ఇక్కడ కట్టిన ట్రాక్ 1990లో ప్రారంభమయింది. చుట్టుకొలత 3.7 కిలోమీటర్ల పైచిలుకు, మలుపులు పన్నెండు. ఫార్ములా వన్ పందేల్లో కారు నడిపిన మొట్టమొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కుర్రతనంలో ఇక్కడ పందేల్లో పాల్గొన్నాడు. ఆయన 2005లో ఆ మెట్టు ఎక్కితే, 2010లో కరుణ్ చంధోక్ ఎక్కాడు. ఆ చంధోక్‌ల ఇంట్లో తాత, తండ్రి, మనుమడు ముగ్గురూ ఈ వ్యవహారంలోని వారే.

అంతకు పూర్వం పందేలు ఎక్కడ జరిగేవంటే, నెల్లూరు నుంచి రోడ్డు మీద మద్రాసు వచ్చేవారికి బాగా ఎరుకైన చోటే. రెడ్ హిల్స్ ఇంకా రాకముందు షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలు దిగడానికి అక్కడ వేసిన బాటనే యుద్ధానంతరం పందేలకు వాడుకున్నారు. మూడు దశాబ్దాలకు పైగా షోలవరం పేరు చెబితే మోటారు పందేలే జ్ఞాపకం వచ్చేవి. సంస్థానాధీశులు, సంపన్నులు విదేశీ కార్లు తెస్తే, మెకానిక్కులు తమ చేతులతో తయారు చేసుకున్న బండ్లతో వచ్చి వాళ్ళ పక్కనే నిలబడేవారు. నెల్లూరు, గూడూరు వైపు నుంచి వెళ్ళి చూసివచ్చిన తాతయ్యలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి వారిని అడగండి. ఇంతకంటే రసవత్తరంగా చెబుతారు.

ఇక ప్రయాణం సంగతి. పందేలు సాధారణంగా మూడు రోజుల ముచ్చట. శుక్రవారం సాధన. శనివారం ఎవరు ఎంత వేగంగా చుట్టు తిరగగలరో లెక్కగట్టి, ఆ వరసలో వారిని నిలబెట్టే పరీక్ష. దాని తరువాత ఒకటి రెండు పందేలు. ఆదివారం అసలు పందేలు. పిల్లలతో వెళ్ళేవారు ఆదివారం ఒక్కటీ చూస్తే చాలునని అనుకుంటారు. నా సలహా అడిగితే శనివారం వెళ్ళమంటాను. జనం తక్కువ, కావలసిన చోట కూర్చోవచ్చు, కార్లు ఒక్కొక్కటిగా వస్తాయి గనక ఏది ఏమిటో పోల్చుకోవచ్చు. ఆదివారం పొద్దున్నే ఇరవై కార్లు ఒక్కసారిగా మీద పడితే, కొత్తవారికి రంగులు తప్ప ఏమీ కనపడవు.

సొంత కారు లేనివారు పూనమల్లి మీదుగా శ్రీపెరంబుదూరు, కాంచీపురం వెళ్ళే బస్సు ఎక్కి, ఇరుంగాట్టుకోట్టైలో దింపమని కండక్టరుకు ముందే చెప్పాలి. రహదారి మీద దిగాక కొంత నడక. ఆ రహదారి దాటేటప్పుడు పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకోండి. ట్రాక్ మీద పోయే కార్ల కంటే ఈ రోడ్డు మీద పోయే లారీలకే నేను ఎక్కువ భయపడతాను. టిక్కెట్టు ఉందా, ఉంటే ఎంత, ఏ గేటు అన్నవి ఒక్కొక్క పందేనికి ఒక్కొక్క రకంగా ఉంటాయి గనక, బయలుదేరే ముందే కనుక్కోవాలి.

వెంట ఏం తీసుకువెళ్ళాలి? ముందుగా నీళ్ళు, మీరు అనుకున్నదానికి రెట్టింపు. పులిహోర, దద్ధోజనం శ్రేష్ఠం. చెయ్యి కడుక్కుంటే పని అయిపోతుంది. టోపీలు తప్పనిసరి. గొడుగు మాత్రం వద్దు. మీ గొడుగు నీడ మీకు, దాని అడ్డం వెనక వరసలో ఉన్న నలుగురికి. ఇక్కడ వానాకాలం మనకంటే ఆలస్యంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది గనక, ఆ నెలల్లో పలచని రెయిన్‌కోటు సంచిలో పడేసుకోండి. దుర్భిణి ఉంటే సంతోషం.

అన్నిటికంటె ముఖ్యమైనది చెవులకు పెట్టుకునే బిరడాలు. దూది ఉండలు పెట్టుకుంటే చాలుననుకునేవారున్నారు. ఆ హోరుకు దూది ఆగదు. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్ళు దాటిన చప్పుడు వింటూ ఉంటే చెవికి హాని అని వైద్యులు చెబుతారు. పందెం కార్ల గుంపు దగ్గరగా పోయేటప్పుడు ఆ హద్దు సులభంగా దాటిపోతుంది. మందుల దుకాణంలో మెత్తని రబ్బరు బిరడాలు దొరుకుతాయి. చంటిపిల్లలను మాత్రం అమ్మమ్మగారింట్లో దిగవిడిచి రావడమే మేలు.

సరే, లోపలికి వచ్చారు. ఎక్కడ కూర్చోవాలి? అందరూ పందెం మొదలయ్యే గీత ఎదుట, తిన్నని బాట పక్కన కూర్చుంటారు. మొదలు, తుది చూడడానికి అది మంచి చోటే. కాని ఒక లెక్క వినండి. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 50 మీటర్లు పోతుంది. మీ కంటి ఎదుట వంద మీటర్ల బాట ఉన్నదనుకోండి. కారు మీకు కనబడేది రెండే సెకన్లు. అందుచేత మలుపు కనబడే చోటు చూసుకోండి. అక్కడ వేగం తగ్గించాలి. ఎవడు ముందు బ్రేకు తొక్కాడు, ఎవడు చివరి క్షణం దాకా తొక్కకుండా తెగించాడు, ఎవడు లోపలి నుంచి దూరాడు అన్నది కంటికి కనబడుతుంది. పందెం గెలుపోటములు తేలేది తిన్నని బాట మీద అనుకుంటాం గాని, అక్కడ కనబడేది ఇంజను బలం. మనిషి కనబడేది మలుపులో.

సగటున గంటకు 120 కిలోమీటర్లు పోయే కారు ఈ ట్రాక్ ఒకసారి చుట్టి రావడానికి ఇంచుమించు ఒక నిమిషం 50 సెకన్లు పడుతుంది. కార్ల గుంపు కాస్త చెదరకముందు, అంటే మొదటి రెండు మూడు చుట్లలో, అది మీ ముందు నుంచి పోయాక ఒకటిన్నర నిమిషం నిశ్శబ్దం. ఈ వ్యవధిలో పిల్లలకు ఒక పని అప్పజెప్పండి. ముందున్న కారును అందరూ చూస్తారు. వాళ్ళను ఏడో స్థానంలోనో, ఎనిమిదో స్థానంలోనో ఉన్న కారు నంబరు ఎన్నుకోమనండి. గడియారం చూసి, ఆ కారు ఒకే స్తంభం దగ్గరకు ప్రతి చుట్టూ ఎన్ని సెకన్లకు వస్తున్నదో కాగితం మీద రాయమనండి. ముందు కారుకూ దీనికీ నడుమ ఉన్న ఎడం చుట్టు చుట్టుకూ తగ్గుతూ వస్తుంటే, మీ పిల్లలు కూర్చున్న చోట కూర్చోలేరు.

జెండాల భాష కూడా తెలిసి ఉండాలి. ఆకుపచ్చ అంటే దారి బాగుంది. పసుపు అంటే ముందు ప్రమాదం, ఒకరినొకరు దాటకూడదు. నీలం అంటే వెనక నీకంటే వేగంగా వస్తున్నవాడున్నాడు, దారి ఇయ్యి. నల్ల జెండాతో పాటు ఒక నంబరు చూపిస్తే ఆ నంబరువాడు పందెం విడిచి లోపలికి రావలసిందే. గళ్ళ జెండా ముగింపు. అయితే గళ్ళ జెండా ముందుగా దాటినవాడే విజేత అని తొందరపడి కేకలు వేయకండి. తరువాత కారు తూచి, కొలిచి, తప్పు పట్టి, రెండోవాడిని మొదటివాడిని చేసిన సందర్భాలు ఈ ఆటలో కొల్లలు.

ఎర్ర జెండా సంగతి విడిగా చెప్పాలి. ఎర్ర జెండా లేస్తే పందెం ఆగిపోతుంది.

మా చెల్లెలి కొడుకుకు పద్నాలుగేళ్ళు. వాడిని తీసుకువెళ్ళిననాడు మా ముందు వరసలో ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. కేకలు లేవు, చప్పట్లు లేవు. కార్లు వచ్చి వెళ్ళినప్పుడల్లా వేలి కణుపు ఒకటి లెక్కపెట్టేది. ఆ పందెంలో ఆమె కొడుకున్నాడని తరువాత తెలిసింది. నాలుగో చుట్టులో ఒక కారు గిర్రున తిరిగి వెళ్ళి టైర్ల గోడకు కొట్టుకుంది. ఎర్ర జెండాలు లేచాయి. అంతసేపు చెవులు గింగుర్లెత్తించిన చోట కాకి అరుపు వినబడింది. అంబులెన్సు చప్పుడు చేయకుండానే పోయింది. ఆమె ఆ వైపు చూడలేదు, వేలి మీద బొటనవేలు నాలుగో కణుపు దగ్గరే ఆగి ఉంది. కొద్ది నిమిషాలకు ఆ కారు కుర్రవాడు తనంతట తానే దిగి, హెల్మెట్ తీసి నడిచివచ్చాడు. ఈవిడ కొడుకు కాదు. మావాడు నా చొక్కా పట్టుకుని, "మామయ్యా, అతని వాళ్ళమ్మ కూడా ఇక్కడే ఉందా?" అని అడిగాడు.

అందరూ అట్లా నడిచి రారు. 2023 జనవరి 8న ఇదే ట్రాక్ మీద, ఏళ్ళ తరబడి పందేల్లో పాల్గొన్న కె. ఇ. కుమార్ తన 59వ ఏట ప్రమాదంలో మరణించారు. ఆనాటి మిగతా పందేలు రద్దు చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో బెంగుళూరు నుంచి వచ్చిన 13 ఏళ్ళ బాలుడు మోటారు సైకిలు పందెంలో పోయాడు. ఈ మాట పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకువెళ్ళాలని నా అభిప్రాయం. అక్కడ ఎర్ర జెండా లేచినప్పుడు కంచె వైపు పరుగెత్తకూడదు, ఫోను ఎత్తి ఫొటోలు తీయకూడదు. కూర్చున్నచోట కూర్చోవాలి. కంచె అవతలికి చెయ్యి పెట్టడం కూడా ఎన్నడూ కూడదు. ఫ్రాన్సులోని లె మాన్‌లో 1955లో ఒక కారు ఎగిరి జనంలో పడితే 80 మందికి పైగా చనిపోయారు. ఈనాటి గోడలు, కంచెలు, ఎడం వదిలిన మైదానాలు చాలామటుకు అటువంటి ప్రమాదాలు నేర్పిన పాఠాలే.

మన హైదరాబాదులో పందెం జరగలేదా అంటే, జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2.8 కిలోమీటర్ల దారిలో విద్యుత్తు కార్లు పరుగెత్తాయి. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు జరగవలసినది రద్దయింది. చెన్నైలో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రివేళ దీపాల వెలుగులో పందేలు నడిపారు. ఊరి వీధుల్లో పందెం కంటికి పండుగే. కాని గోడలూ, వలలూ అడ్డం గనక, కూర్చున్నచోట నుంచి కనబడేది ఒక ముక్క మాత్రమే. మొదటిసారి చూసేవారికి ఇరుంగాట్టుకోట్టై వంటి శాశ్వతమైన ట్రాకే నయం.

పందేలంటే గిట్టనివారు ఇంట్లో ఉంటే వారితో ఒక ఒప్పందం చేసుకోవచ్చు. శ్రీపెరంబుదూరు రామానుజాచార్యులవారు పుట్టిన ఊరు. ఆదికేశవ పెరుమాళ్ళ కోవెల పెద్దది. మధ్యాహ్నం తలుపులు మూస్తారు గనక పొద్దున్నే దర్శనం చేసుకుని ట్రాక్‌కు రావడం సుఖం. అదే దారిలో ఇంకా ముందుకు పోతే కాంచీపురం. పందేలకయ్యే ఖర్చు చేతిలో లెక్కపెట్టుకోవచ్చు గాని, కాంచీపురానికయ్యే ఖర్చుకు నేను పూచీపడను.

చివరి పందెం కాగానే గేటు మీద పడకండి. అరగంట ఆగండి. బహుమతులు ఇచ్చే వేదిక చుట్టూ మూగిన జనం పలచబడ్డాక, నలిగిన కార్లను మెకానిక్కులు లారీల మీదికి ఎక్కిస్తూ ఉంటారు. కంచె ఇవతల నుంచి పిల్లలు ఏదైనా అడిగితే, అలసి ఉన్నా విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్ళే ఎక్కువ. మావాడు ఒకతన్ని టైర్ల గురించి పావుగంట అడిగాడు. ఈలోగా ఆదివారం సాయంత్రం మద్రాసుకు తిరిగివచ్చే బండ్లతో పూనమల్లి దాకా రోడ్డు నిండిపోతుంది. గంటలో చేరవలసిన ఇంటికి రెండు గంటలు పడుతుందని లెక్క వేసుకుని, సీసాలో కాసిని నీళ్ళు మిగుల్చుకోండి.