హరిజనవాడ, చిల్లకూరు పోస్టు

మా ఇంటి అడ్రసులోనే మా కులం ఉంది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అదొక సంగతిగా తోచలేదు. అక్కడ మేమెవరమో తెలీనివాడెవడు గనక! రేషను కార్డులో అదే, ఓటరు లిస్టులో అదే, ఆధార్‌లో అదే: హరిజనవాడ, చిల్లకూరు పోస్టు. ఊళ్ళోవాళ్ళకి గుడి పేరుతోనో బావి పేరుతోనో వీధులుంటాయి. మాకు మా పుట్టుకే వీధి పేరు. కుల సర్టిఫికెట్లలో ‘హరిజన’ అని రాయొద్దని కేంద్ర ప్రభుత్వం 1982లోనే రాష్ట్రాలకు చెప్పింది. సర్టిఫికెట్లో పోయింది. వాడకి అంటుకునే ఉంది.

గూడూరు జంక్షన్లో రైలెక్కి మద్రాసు చేరినాక ఎనిమిదేళ్ళు నా అడ్రసు లేడీస్ హాస్టలే. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన ఆధార్ జిరాక్సు ఏ ఫైల్లోనో పడి ఉంది, దాన్ని చదివినోళ్ళు లేరు. మా టీం లీడరు తెలుగాయనే. మొదటి వారంలోనే “మీరేంటోళ్ళమ్మా?” అని అడిగినాడు. “నెల్లూరోళ్ళం సార్” అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఇంకోసారి “ఊళ్ళో మీ ఇల్లెక్కడ, గుడి దగ్గరా?” అన్నాడు. “హైవే దగ్గర సార్” అన్నాను. అబద్ధం కాదు. మనవాళ్ళకి కులం అడగడానికి వంద దారులు, మాకు తప్పుకోవడానికి నూటొకటి.

నా పని అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూడడం. అక్కడి రోగికి చేసిన వైద్యానికి ఇన్సూరెన్సు డబ్బు రావాలంటే ప్రతి జబ్బుకీ ఒక కోడు వెయ్యాలి. కిడ్నీలు పూర్తిగా పోయి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ కోడు ఎన్18.6. ఎన్ని వేలసార్లు కొట్టుంటానో. అక్కడ 1972లో చేసిన చట్టంతో, వయసుతో పని లేకుండా కిడ్నీ రోగులు మెడికేర్ కిందకి వచ్చినారు. 2023 వానాకాలంలో నా కాళ్ళు వాచి, అన్నం సయించక ఆసుపత్రికి పోతే, డాక్టరు రాసిన జబ్బు పేరు చూడగానే నా వేళ్ళకి ముందు ఆ కోడే గుర్తొచ్చింది.

వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు మిషను మీద పడుకోవాల. నీళ్ళు గ్లాసులు లెక్కేసుకుని తాగాల. ఉప్పు తగ్గించిన కూర హాస్టల్లో ఎవరు వండిపెడతారు? నెల్లూరులో ప్రభుత్వ పథకం కింద డబ్బు కట్టకుండా డయాలసిస్ జరుగుతుంది, ఇంట్లో ఉంటే అమ్మ వండుతుంది. మా పని ఎటూ అమెరికా పగలు, అంటే మన రాత్రి. పొద్దున మిషను, మధ్యాహ్నం నిద్ర, రాత్రి పని. ఇంటి నుంచి చేస్తానని అర్జీ పెట్టుకున్నాను.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఒక్క మెయిలుతో అందర్నీ ఇళ్ళకి పంపినారు. ఎవర్నీ డాక్టరు చీటీ అడగలేదు, ఇల్లెక్కడని అడగలేదు. భయం అందరిదీ అయినప్పుడు నిబంధనలు వాటంతటవే పక్కకి జరుగుతాయి. జబ్బు ఒక్కదాని ఒంట్లో ఉంటే నాలుగు పేజీల ఫారం. మొదటి మూడు పేజీలు జబ్బు గురించి. నాలుగో పేజీలో ఇంటి పూర్తి చిరునామా, దానికి రుజువు, పనిచేసే గది నాలుగు మూలల నుంచి ఫోటోలు, తలుపు గడియ పడుతుందని ఒక ఫోటో. ఎందుకంటే అమెరికాలో 1996 నాటి చట్టం ఒకటి ఉంది, హిపా అంటారు. రోగి గుట్టు బయటికి పొక్కకూడదు. పేరే కాదు, వీధి అడ్రసు కూడా గుట్టే. ప్రతి ఏడూ దానిమీద మాకు పరీక్ష పెడతారు. ఆ గుట్టు కాపాడ్డానికి నా గుట్టు రాసి, ఫోటో తీసి పంపాల.

లా చదివిన స్నేహితురాలిని అడిగినాను. ఈఎస్ఐ ఉంటే జబ్బు చేసిన రోజులకి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ 2017 నుంచి నెల జీతం 21 వేలు దాటినోళ్ళకి అది లేదు. నాది 23 వేలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది, అందులో కిడ్నీ జబ్బు లేదు. అయినా ఆమె వదల్లేదు. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ లేకపోయినా పరీక్ష రాయడానికి సహాయకుణ్ణి ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఆ దారిలో రాద్దాం అంది. ఆ చట్టం మాటే ‘సహేతుకమైన సర్దుబాటు’ అని అర్జీలో రాసినాం. వికలాంగుల్ని ఇప్పుడు దివ్యాంగులంటున్నారు. హరిజనులు, దివ్యాంగులు! దేవుడి పేరు తగిలించి దూరంగా కూర్చోబెట్టడం ఈ దేశానికి బాగా తెలిసిన విద్య.

అర్జీ అంటే మా నాయనకి అర్థం కాలేదు. ఆయన సముద్రం వైపు సిలికా గనుల్లో లారీలకి ఇసుక ఎత్తినోడు. గాజు తయారీకి పోయే తెల్లటి ఇసుక అది. జ్వరమొచ్చి మూడు దినాలు పోకపోతే నాలుగో దినం మేస్త్రీ ఇంకొకణ్ణి పెట్టుకునేవాడు. ఇస్తామనీ లేదు, ఇవ్వమనీ లేదు. దగ్గుతో పోయినాడు. దగ్గుకి కారణం ఏందో ఎవరూ రాయలేదు. సెలవు అడగడమనేది మా ఇంట్లో నాతోనే మొదలు.

ఫోటోలకి ఇల్లు సర్దుతుంటే అమ్మ అంది: “పాపా, ఆ అంబేద్కర్ పటం కాసేపు తీసేద్దామా? చూసేవాళ్ళు ఎట్టాంటోళ్ళో.”

“అడ్రసులో రాసుండాక పటం తీస్తే ఏమి లాభమమ్మా?”

“అడ్రసు ఎవరు జదవతారే? పటం అందరూ జూస్తారు.”

అమ్మ మాటలో న్యాయం లేకపోలేదు. పటం తీయలేదు. ‘హైవే దగ్గర’ అని కూడా రాయలేదు. ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు రాసినాను. అది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు, మిషను నన్ను ఆగనివ్వదు.

ఆరు వారాల తర్వాత మంజూరైంది. మూడు నెలలకే. మూడు నెలలకోసారి కొత్త సర్టిఫికెట్, కొత్త ఫారం. ఆ మెయిలు హెచ్చార్‌కీ టీం లీడరుకీ కంప్యూటర్ల వాళ్ళకీ సెక్యూరిటీకీ పోయింది, కింద నా ఫారం మొత్తం అంటించి. జబ్బు, అడ్రసు, గది, పటం. పక్కింటి పిల్లాడి చెప్పులు కూడా ఒక మూల పడినాయి.

టీం లీడరు ఆ తర్వాత ఇల్లెక్కడని అడగలేదు. తిన్నావా అని అడగడం కూడా మానేసినాడు. నా జబ్బు చూసి ఇబ్బంది పడినాడో, అడ్రసు చదివినాడో చెప్పలేను. మాతో వచ్చిన చిక్కే అది. నిరూపించమంటే నా దగ్గర ఒక్క కాయితం లేదు. ఎనిమిదేళ్ళలో మూడుసార్లు మెచ్చుకున్న నా లెక్కల్లో ఆ నెల నుంచీ తప్పులు దొరకడం మొదలైంది.

పేర్లు మార్చే పని అక్కడక్కడా జరుగుతా ఉంది. 2020లో మహారాష్ట్ర కులాల పేర్లతో ఉన్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. 2024లో కేరళ ‘కాలనీ’ అనే మాట వద్దంది, 2025లో తమిళనాడు ముఖ్యమంత్రి అదే మాట శాసనసభలో చెప్పినాడు. మంచిదే. పేరు మారిస్తే కొరియర్ వాడికి దారి మారదు. నా కంప్యూటరు తెచ్చిన పిల్లోడు గూడూరు నుంచి ఫోన్ చేసి “హరిజనవాడంటే ఊరు దాటినాకే గదక్కా?” అన్నాడు. ఎప్పుడూ మా వైపు రాలేదంట. అయినా తెలుసు.

ఉన్నది ఒకటిన్నర గది. పని మొదలైతే అమ్మ తెర వైపు వీపు పెట్టి కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, అయినా రూలు రూలే. ఒహాయోలో ఎవరో ముసలామె డయాలసిస్ బిల్లు తెర మీద ఉంటుంది. వీధి పేరు, ఇంటి నంబరుతో సహా.

“అయిపోయిందా, తిరగొచ్చా?” అంటుంది అమ్మ.

“ఇంకా లేదు, ఉండమ్మా” అంటాను.