మిరపపువ్వులోని పురుగుకు ఫొటో తీద్దామా?

నరసరావుపేటలో డిగ్రీ చదివే పిల్లలైనా, పురుగుమందుల కొట్టు నడిపే వ్యవసాయ పట్టభద్రులైనా, మైక్రోస్కోపుకు కెమెరా బిగించుకోవాలన్న ఆలోచన రాగానే అడిగే మాట ఒకటే: "ఎన్ని మెగాపిక్సెళ్లది కొనమంటారు సార్?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "ఏం చూద్దామని బాబూ?"

మన పల్నాడులో దానికి జవాబు వెతుక్కోనక్కర్లేదు. 2021 చివర్లో మిరపతోటల మీద పడ్డ నల్ల తామర పురుగు మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి మనది ఇంకా గుంటూరు జిల్లాయే. మన రైతులకు మొదటినుంచీ తెలిసిన తామర పురుగు వేరు. అది పసుపుగా ఉండి, లేతాకుల్ని గీరి రసం పీల్చి పై ముడత తెస్తుంది. సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ దాని పేరు. కొత్తగా వచ్చింది త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో ఇది మొదట నమోదైంది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. ఇది మిరపలో పువ్వుల్లోకి గుంపులుగా చేరుతుంది. పువ్వు రాలిపోతే ఇక కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? మందు మీద మందు కొట్టి, అప్పటికీ తోట నిలవక, పీకేసుకున్న రైతులు ఎందరో.

ఈ పురుగు పొడవు సుమారు 1 మిల్లీమీటరు. భూతద్దంలో చూసి నల్లగా ఉందనడం తేలికే. కానీ నల్లగా కనపడ్డదల్లా పార్విస్పైనస్ కాదు. జాతి తేల్చాలంటే మీసాల కణుపులు లెక్కపెట్టాలి. పాత పసుపు పురుగుకు 8, ఈ కొత్తదానికి 7. రెక్క ఈనెల మీద వెంట్రుకల వరస చూడాలి. అంటే 10ఎక్స్‌లో ఒళ్లంతా, 40ఎక్స్‌లో మీసాలు. మన కెమెరా చెయ్యాల్సిన పని ఇదీ.

ఇప్పుడు ఆబ్జెక్టివ్ లెన్సు ఒంటి మీద చూడండి. 10/0.25 అనో 40/0.65 అనో చెక్కి ఉంటుంది. ఆ రెండో అంకెను న్యూమరికల్ అపర్చర్ అంటారు. నా దృష్టిలో మొత్తం మైక్రోస్కోపు మీద అంతకన్నా విలువైన అంకె లేదు. పక్కపక్కనున్న రెండు చుక్కలు ఎంత ఎడంగా ఉంటే విడివిడిగా కనిపిస్తాయో చెప్పేది అదే. పచ్చటి వెలుగులో 0.25 లెన్సుకు ఆ ఎడం సుమారు 1.3 మైక్రాన్లు, 0.65కు అర మైక్రాను. అంతకన్నా సన్నటి వివరం ఆ గాజులోంచి రాదు. బోరులో రెండించుల నీళ్లే ఉన్నప్పుడు ఎన్ని హెచ్‌పీల మోటారు దించినా వచ్చేది ఆ రెండించులే కదా!

లెక్క కూడా చేద్దాం, కష్టమేం కాదు. 10ఎక్స్ కింద ఆ 1.3 మైక్రాన్లు పది రెట్లై కెమెరా చిప్ మీద 13 అవుతాయి. మధ్యలో 0.5ఎక్స్ అడాప్టర్ ఉంటే సగమై 6.5 చుట్టుపక్కలకు వస్తాయి. ఆ ఎడంలో రెండు పిక్సెళ్లు పడితే వివరం చిక్కినట్టే. అంటే ఒక్కో పిక్సెల్ 3.3 మైక్రాన్లు. 40ఎక్స్ కింద అయితే 5 మైక్రాన్లదైనా చాలు. 3.45 మైక్రాన్ల పిక్సెళ్లున్న 5 మెగాపిక్సెళ్ల సెన్సార్లు దొరుకుతున్నాయి, మన పనికి అవి ఇంచుమించు అతికినట్టు సరిపోతాయి. అంతే సైజు చిప్ మీద 20 మెగాపిక్సెళ్లు కుక్కినా పెరిగేది ఫైలు బరువే. మిగిలిన డబ్బు మంచి ఆబ్జెక్టివ్ మీద పెట్టండి. స్లైడు మీది పురుగులకు రంగుల కెమెరా తీసుకోండి. ఫ్లోరసెన్స్ పని ఉన్నవాళ్లకు మాత్రం నలుపు తెలుపుదే మేలు, రంగు ఫిల్టర్లు ఉన్న కాస్త వెలుతురునూ మింగేస్తాయి.

ఐపీసుకు ఫోను బిగించినా బొమ్మ బాగానే వస్తుంది. అయితే ఫోను తనంతట తానే అంచులకు పదును పెడుతుంది, గరుకును నునుపు చేస్తుంది. వెంట్రుకలు లెక్కపెట్టాల్సిన చోట అది ప్రమాదం. ప్రో మోడ్‌లో పెట్టి రా ఫైలు తీయండి.

సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో వేన్ రాస్‌బాండ్ రాసిన ఇమేజ్‌జే 1997 నుంచీ అందరికీ ఉచితమే. ముందు ఒక స్టేజ్ మైక్రోమీటర్ సంపాదించండి. గాజుపలక మీద 1 మిల్లీమీటరును 100 గీతలుగా కోసి ఉంటుంది. ప్రతి ఆబ్జెక్టివ్‌తోనూ, అదే అడాప్టర్‌తో, దాన్నొకసారి ఫొటో తీసి ఇమేజ్‌జేలో సెట్ స్కేల్ చేసుకుంటే ఆ తర్వాత తీసే ప్రతి పురుగు పొడవూ కొలవొచ్చు. స్కేల్ లేని ఫొటో చూడ్డానికి ఎంత బావున్నా నాకు నమ్మకం కుదరదు. స్లైడు మీద ఖాళీ చోట వైట్ బ్యాలెన్స్ చేసి, ఎక్స్‌పోజర్‌ను ఆటోలో వదలకుండా బిగించి, టిఫ్‌గా దాచండి. జేపెగ్ సన్నటి గీతల్ని తినేస్తుంది.

40ఎక్స్‌లో ఒకసారికి స్పష్టంగా కనపడే లోతు మైక్రానున్నర లోపే. మీసం వంగి ఉంటే ఒక కణుపు తేటగా, పక్కది మసగ్గా వస్తుంది. ఫైన్ ఫోకస్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ వరసగా తీసి, ఇమేజ్‌జేకే మరో రూపమైన ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో పేర్చి ఒకే బొమ్మ చేయండి. పేర్చాక కూడా విడి బొమ్మల్ని పారెయ్యకండి, రేపు అనుమానం వచ్చినవాళ్లు అవే అడుగుతారు. కాంట్రాస్ట్ బొమ్మంతటికీ ఒకేలా పెంచితే తప్పులేదు. ఒక మూల మాత్రం చెరిపి శుభ్రం చేయడం ఎప్పటికీ వద్దు.

ఇక పంపడం. లాం పరిశోధన కేంద్రానికైనా, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోకైనా ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పెడితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పెట్టండి. దాంతోపాటు పురుగునూ పంపాలి. పువ్వును తెల్లకాగితం మీద విదిలించి, రాలినవాటిని తడి కుంచెతో 70 శాతం ఆల్కహాలున్న చిన్న సీసాలోకి ఎత్తండి. ఊరు, పంట, తేదీ, పువ్వులోదా ఆకుమీదదా అన్నది చీటీ రాసి సీసా లోపలే వేయండి. పెన్సిలుతోనే రాయండి సుమా, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.