సున్నం పట్టిన ధమని

"నా కిడ్నీ బాగానే ఉందన్నారు గదండీ, మళ్ళీ ఆయనకి స్కానింగ్ దేనికండీ?"

హైదరాబాదులో ఒక నెఫ్రాలజిస్టును, భర్తకు తన కిడ్నీ ఇవ్వబోతున్న ఒక ఇల్లాలు అడిగిన ప్రశ్న ఇది. భర్తకు 52 ఏళ్ళు. 20 ఏళ్ళుగా షుగరు, 7 ఏళ్ళుగా డయాలసిస్. బ్లడ్ గ్రూపు కలిసింది, క్రాస్‌మ్యాచ్‌లో అడ్డేమీ రాలేదు. ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు కూడా సిద్ధం చేసుకున్నారు. డాక్టరు మాత్రం రంగుమందు ఎక్కించకుండా తీసే సాదా సిటీ స్కాన్ రాశారు.

స్కాన్ వచ్చాక ఆమెను పిలిచి తెర మీద చూపించారు. వెన్నెముక ఎంత తెల్లగా ఉందో, తొడల వైపు దిగుతున్న ధమనుల గోడలూ అంత తెల్లగా జంట గీతల్లా మెరుస్తున్నాయి. ఎముకలో ఉండాల్సిన కాల్షియం అక్కడ చేరింది.

కొత్త కిడ్నీని పాతవాటి చోట పెట్టరు. పొత్తికడుపులో ఒక పక్కన అమర్చి, దాని ధమనిని కాలికి రక్తం తీసుకెళ్ళే ఇలియాక్ ధమనికి కుడతారు. కుట్టినంతసేపూ ఆ ధమనిని క్లాంపుతో బిగించి ఉంచాలి. మెత్తటి గోడ క్లాంపుకు లొంగుతుంది. సున్నం పట్టిన గోడ చిట్లుతుంది, ఒక్కోసారి లోపలి పొర ఊడి రక్తానికి అడ్డం పడుతుంది.

ఈ జాగ్రత్త డాక్టరుకు ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఇలాంటి రోగినే డాప్లర్ ఒక్కటి చేయించి ఆపరేషన్‌కు పంపారు. థియేటర్లో సర్జన్ వేలు ధమని పొడవునా పైకీ కిందికీ తిరిగింది. ఎక్కడ తాకినా గుడ్డు పెంకులా గట్టిగానే ఉంది. పక్కన ఐసులో కిడ్నీ. చివరికి రూపాయి బిళ్ళంత మెత్తటి చోటు దొరికింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. పదిహేను రోజులు ఆ కిడ్నీ నుంచి మూత్రం రాలేదు, డయాలసిస్ తప్పలేదు. నాలుగు నెలలకు బీపీ, క్రియాటినిన్ రెండూ పెరిగాయి. కుట్టిన చోట ధమని సన్నబడింది. స్టెంట్ వేసి కిడ్నీని కాపాడుకున్నారు. ముందే సాదా స్కాన్ ఒకటి తీయించి ఉండాల్సిందన్న బాధ మాత్రం డాక్టరును వదల్లేదు.

కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది. దాని ప్రభావంతో ధమని గోడలోని కండర కణాలు ఎముక కణాల్లా మారతాయి. డయాలసిస్ ఏళ్ళు గడిచేకొద్దీ, షుగరు తోడైతే ఇంకా త్వరగా, గోడ గట్టిపడుతుంది. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు అన్నంతోపాటు వేసుకుంటేనే పనిచేస్తాయి. వాటిని పడుకోబోయే ముందు మింగేవాళ్ళు ఎందరో! ఈ ఒక్క మాట కూర్చోబెట్టి చెప్పేంత తీరిక ఓపీలో దొరకదని డాక్టరుకు ఇప్పటికీ కోపమే.

ఎంత పేరుకుందో లెక్కగట్టే పద్ధతులున్నాయి. 1997లో కౌప్పిలా బృందం ప్రచురించిన స్కోరుకు నడుముకు పక్కనుంచి తీసిన ఎక్స్‌రే చాలు. నాలుగు నడుము పూసల ఎదుట బృహద్ధమని ముందు గోడకూ వెనక గోడకూ 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 24. పేరుకున్నది ఎక్కువయ్యేకొద్దీ మార్పిడి తర్వాత గుండెకు ముప్పు పెరుగుతుందని అధ్యయనాలు చూపించాయి. కిడ్నీ ఎన్నేళ్ళు నిలుస్తుందన్న సంగతి అంత తేటగా తేలలేదు. అందుకే ఆయన అంకె దగ్గర ఆగరు. సున్నం ధమని చుట్టూ గాజులా పట్టిందా, ఒక పక్కనే ఉందా అని ఒక్కొక్క బొమ్మా జరిపి చూస్తారు.

ఆ ఇల్లాలి భర్తకు కుడివైపు గాజులాగే చుట్టేసింది. ఎడమవైపు బొటనవేలంత మేర శుభ్రంగా ఉంది. గుండెకు యాంజియోగ్రామ్ తీస్తే ఒక నాళం మూసుకుపోతూ కనిపించింది. దానికి స్టెంట్ వేసి, కొన్ని నెలలు ఆగి, కిడ్నీని ఎడమవైపు కుట్టారు. క్లాంపు తీయగానే కిడ్నీ గులాబీ రంగు తిరిగింది, బల్ల మీదే మూత్రం వచ్చింది.

మార్పిడి జరిగినా చేరిన సున్నం కరిగిపోదు. మొన్న చెకప్‌లో ఆయన క్రియాటినిన్ 1.2. డాక్టరు చెప్పులు విప్పించి రెండు పాదాల మీదా నాడి వెతికారు. ఎడమ పాదంలో అందింది. కుడి పాదంలో ఎంతసేపు చూసినా అందలేదు. వాస్కులర్ సర్జన్‌కు చీటీ రాసిచ్చి, ఇవాళే చూపించుకుని ఇంటికెళ్ళమన్నారు.