నాపబండ మీద గంటసేపు

కర్నూలులో నాయనను తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగుకి తీసుకెళ్తున్న రోజులవి. బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రి బస్సెక్కేవాణ్ణి. ఇంట్లోవాళ్లూ కూర్చోవచ్చు అన్నారు. ఉన్న నాలుగు కుర్చీలూ ముసలివాళ్లకి, మిగతా అందరికీ బేతంచెర్ల నాపబండలే. మే నెలలో సాయంత్రం ఆరైనా ఆ బండ పగటి వేడిని వదలదు. పావుగంటకి చీలమండ ఒత్తుకుంటుంది, అరగంటకి కాలు తిమ్మిరెక్కుతుంది. కరెంటు పోతే చొక్కా వీపుకి అంటుకుపోతుంది.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఇద్దరూ తాగుడుకి బానిసలే, కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలైన పద్ధతి ఇది. ఇప్పటికీ అంతే. కూర్చోవాలి, వినాలి, వంతు వస్తే తన సంగతి చెప్పాలి. మందూ లేదు, సలహా లేదు. ఆ కూర్చోవడమే కష్టం.

వంతు దగ్గరపడేసరికి నాయన నా చెవిలో, "మోకాళ్లు పట్టేసినాయి రా, పోదాం పా" అనేవాడు. లేచి వచ్చేసేవాళ్లం. నేనూ తక్కువేం కాదు. ఎవరైనా భార్య గురించి చెబుతుంటే కాలివేళ్లు కదిలించుకుంటూ కూర్చునేవాణ్ణి. తిమ్మిరి గురించి ఆలోచిస్తున్నంతసేపూ అమ్మ గురించి ఆలోచించక్కర్లేదు.

ఏడోసారి నాయన మోకాళ్ల మాటెత్తలేదు. పేరు చెప్పి, చాలాసేపు ఆగి, "వీళ్లమ్మను శానా ఏడిపిచ్చినా" అన్నాడు.

అక్కడ విన్నవి బయట చెప్పకూడదు. ఇది మాత్రం నాయన రాయమన్నాడు.

అప్పటికే నా కాలు మొద్దుబారిపోయింది. కదిలించలేదు.